ఏఎఫ్ఎల్‌లో డ్రాఫ్ట్ పిక్‌ల ట్రేడింగ్ న్యాయమేనా? బిల్లు ఎవరి మీద పడుతోందో చూడాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఏఎఫ్ఎల్‌లో (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో) అడుగున ఉన్న జట్టుకే డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే చోట, మొదటి అవకాశం అంటారు కదా, మరి 2024లో కప్పు గెలిచిన బ్రిస్బేన్‌కి అదే ఏడాది 5వ నంబర్ దగ్గర కుర్రాడు ఎలా దొరికాడు? వచ్చే ఏడాది పిక్‌ని (ఎంచుకునే వంతుని) ఈ ఏడాదే అమ్ముకోనివ్వడం ఏం పద్ధతి? అసలు పిక్‌ల ట్రేడింగే ఆపేస్తే గొడవ వదిలిపోదా?

ముందు మూడోదానికి చెబుతాను. ఆపినా వదలదు. పైగా ఇప్పుడు చిన్న జట్లకి ఉన్న ఒకే ఒక్క ఆయుధం కూడా పోతుంది. ఈ వ్యవస్థలో అన్యాయం ఉంది, కాదనను. కానీ మీరు వేలు చూపిస్తున్న చోట లేదు. ఇద్దరు ఒప్పుకుని చేసుకున్న మారకంలో ఎవరో ఒకరు నష్టపోవచ్చు, అది వ్యాపారం. ఆ మారకం బిల్లు టేబుల్ దగ్గర లేని మూడోవాడి మీద పడినప్పుడే నేను దాన్ని అన్యాయం అంటాను. ఏఎఫ్ఎల్‌లో అలాంటివి రెండు మూడు ఉన్నాయి, వాటిని లీగే నియమం పేరుతో నడిపిస్తోంది.

మనవాళ్ళకి ఐపీఎల్ వేలం అలవాటు కాబట్టి తేడా ఒక్క మాటలో చెప్పేస్తాను. ఇక్కడ డబ్బుతో కుర్రాడిని కొనలేరు. శాలరీ క్యాప్ (జట్టు మొత్తం జీతాలకి పరిమితి) అందరికీ ఒకటే. 1986 నుంచి ఏటా నవంబర్ ప్రాంతంలో నేషనల్ డ్రాఫ్ట్ జరుగుతుంది, లాడర్‌ని (పాయింట్ల పట్టికని) తలకిందులు చేసి ఆఖరి జట్టుకి 1వ పిక్ ఇస్తారు. అక్టోబర్‌లో ట్రేడ్ పీరియడ్. అప్పుడు ఆటగాళ్ళనీ పిక్‌లనీ మార్చుకుంటారు. 2015 నుంచి వచ్చే ఏడాది పిక్‌లు కూడా బేరానికి వచ్చాయి, 2018 నుంచి డ్రాఫ్ట్ రాత్రి ఫోన్లు పట్టుకుని అప్పటికప్పుడు మార్చుకోవడం కూడా మొదలైంది.

దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి, కథంతా వాటి దగ్గరే. ఒకటి ఫాదర్-సన్: తండ్రి ఆ క్లబ్‌కి కనీసం 100 మ్యాచ్‌లు ఆడి ఉంటే కొడుకు మీద ఆ క్లబ్‌కి ముందు హక్కు. రెండోది అకాడమీ: ఉత్తరాది జట్లు నాలుగు, అంటే సిడ్నీ, జీడబ్ల్యూఎస్ (గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ), బ్రిస్బేన్, గోల్డ్ కోస్ట్, తమ ప్రాంతంలో పెంచిన పిల్లల మీద హక్కు పొందుతాయి. మిగతా క్లబ్‌లకి నెక్స్ట్ జనరేషన్ అకాడమీలు ఉన్నాయి. అవి ఆదివాసీ కుటుంబాల పిల్లలకీ, ఆసియా, ఆఫ్రికా నుంచి వలస వచ్చినవాళ్ళ పిల్లలకీ. (ఆసియా అంటే మనమే. మెల్‌బోర్న్ శివార్లలో టార్నీట్‌లోనో పాయింట్ కుక్‌లోనో ఆస్‌కిక్ (పిల్లల ఫుట్‌బాల్) ఆడుతున్న తెలుగు పిల్లాడు రేపు బాగా ఆడితే ఈ నియమం మన ఇంటి విషయం అవుతుంది. అందుకే ఇక్కడి తల్లిదండ్రులు దీన్ని పట్టించుకోవాలని నేను ఊరికే అనను.)

హక్కు అంటే ఉచితం కాదు. వేరే జట్టు తన పిక్ దగ్గర ఆ కుర్రాడి పేరు చదివితే దాన్ని బిడ్ అంటారు. హక్కున్న జట్టు ఆ బిడ్‌ని మ్యాచ్ చేసి తీసుకోవచ్చు, దాని ధర పాయింట్లలో కట్టాలి. 2015లో తెచ్చిన పట్టిక ప్రకారం 1వ పిక్ 3000 పాయింట్లు, 2వది 2517, 10వది 1395, 18వది 985. అలా దిగుతూ దిగుతూ 73వ పిక్ దగ్గర 9 పాయింట్లకి వచ్చేది. మొదటి రౌండ్ (జట్లన్నిటి మొదటి వంతు) బిడ్ అయితే మ్యాచ్ చేసే జట్టుకి 20 శాతం తగ్గింపు ఉండేది. పాయింట్లు ఆ జట్టు దగ్గరున్న మొదటి పిక్ నుంచి వరసగా కోసుకుంటారు. చాలకపోతే వచ్చే ఏడాది పిక్‌ల మీద అప్పుగా రాస్తారు.

ఈ పట్టిక రావడానికి కారణం 2014. సిడ్నీ తన అకాడమీ కుర్రాడు ఐజాక్ హీనీని 18వ పిక్‌తో తీసుకుంది. అతను మొదటి మూడు నాలుగు స్థానాల స్థాయి ఆటగాడని ఊరందరికీ తెలుసు. పాత పద్ధతిలో తర్వాతి పిక్ ఒక్కటి ఇస్తే సరిపోయేది, ఎంత దూరంలో ఉన్నా సరే. దాన్ని సరిచేయడానికే ధరల పట్టిక పెట్టారు. ఉద్దేశం మంచిదే. దాంతోపాటే ఇంకో కన్నం పడింది.

ఆ కన్నం ఎలాంటిదో 2020 చూస్తే తెలుస్తుంది.

ఆ ఏడాది అడిలైడ్ తన చరిత్రలోనే మొదటిసారి ఆఖరి స్థానంలో నిలిచింది. వుడెన్ స్పూన్ అవమానానికి పరిహారంగా 1వ పిక్ దొరికింది. అందరి దృష్టిలో ఆ డ్రాఫ్ట్‌లో మొదటి పేరు జమారా ఊగల్-హేగన్, పొడుగాటి ఫార్వర్డ్, వెస్టర్న్ బుల్‌డాగ్స్ నెక్స్ట్ జనరేషన్ అకాడమీ కుర్రాడు. అడిలైడ్ అతని పేరు చదివింది, బుల్‌డాగ్స్ వెంటనే మ్యాచ్ చేసింది. ధర 3000లో 20 శాతం పోగా 2400. బుల్‌డాగ్స్ దేనితో కట్టిందో చూడండి: 29, 33, 41, 42, 52, 54 నంబర్ల పిక్‌లు. పట్టికలో వాటి విలువలు 653, 563, 412, 395, 246, 220. కూడితే 2489. సరిపోయింది, కాస్త చిల్లర కూడా మిగిలింది. బుల్‌డాగ్స్ ఆ ఏడాది ఫైనల్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ) ఆడిన జట్టు.

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. ఆ ఆరు పిక్‌లూ తీసుకెళ్ళి ఏ క్లబ్ తలుపు తట్టి "మీ 1వ పిక్ ఇవ్వండి" అన్నా ఎవరైనా ఇస్తారా? ఫోన్ పెట్టేస్తారు. 50 దాటిన పిక్‌లతో వచ్చే కుర్రాళ్ళలో చాలామంది కొన్నేళ్ళకే జాబితాలోంచి వెళ్ళిపోతారు. కొన్ని క్లబ్‌లైతే అక్కడ పిక్ వాడకుండా పాస్ అంటాయి. అంటే బజార్లో దాదాపు విలువ లేని వస్తువుకి లీగ్ పట్టికలో మాత్రం నిండు ధర ఉంది. ఒకే వస్తువుకి రెండు ధరలు ఉన్నప్పుడు తెలివైనవాడు ఏం చేస్తాడు? తక్కువ ధర ఉన్నచోట కొని, ఎక్కువ ధర ఉన్నచోట ఖర్చుపెడతాడు.

బుల్‌డాగ్స్ చేసింది అదే. తమ 14వ పిక్‌ని ఉంచుకుంటే అది నేరుగా ఊగల్-హేగన్ బిల్లులోకి పోతుంది, అదీ 1161 పాయింట్లుగా. అందుకని ట్రేడ్ పీరియడ్ ఆఖరి రోజున ప్రధానంగా ఆ 14వ పిక్‌నే ఎర వేసి కాలింగ్‌వుడ్ నుంచి 26, 33, 42 పిక్‌లు తెచ్చుకున్నారు. ఆ మూడూ కలిపితే పట్టికలో 1687. పాయింట్లు పెరిగాయి. వాటితో పాటు ఆడమ్ ట్రెలోర్ కూడా వచ్చాడు! అప్పటికే పేరున్న మిడ్‌ఫీల్డర్. కాలింగ్‌వుడ్‌కి శాలరీ క్యాప్ పీకల మీదకి వచ్చింది, అతన్ని వదిలించుకోవాలి. అతని జీతంలో కొంత భాగం భరిస్తామని కూడా ఒప్పుకుంది. కాలింగ్‌వుడ్ ఏడ్చింది, బుల్‌డాగ్స్ నవ్వింది, కానీ ఇద్దరూ సంతకం పెట్టారు. ఆ ట్రేడ్‌లో తప్పు పట్టడానికి నాకేమీ కనబడదు.

సంతకం పెట్టనిది అడిలైడ్. చరిత్రలో అతి చెత్త సీజన్ ఆడి 1వ పిక్ సంపాదించుకున్నది వాళ్ళు. చేతికొచ్చింది 2వ ఎంపిక, రైలీ థిల్‌థోర్ప్. వాళ్ళ వెనకాల ఉన్న ప్రతి జట్టూ ఒక మెట్టు కిందికి జారింది. వీళ్ళెవరినీ ఎవరూ అడగలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, నేనే చెప్పేస్తాను. చివరికి లాభపడింది అడిలైడే కదా? థిల్‌థోర్ప్ ఎదిగాడు, 2025లో అడిలైడ్ లాడర్‌లో మొదటి స్థానంలో నిలిచింది, ఊగల్-హేగన్ బుల్‌డాగ్స్‌ని వదిలి గోల్డ్ కోస్ట్ వెళ్ళిపోయాడు. నిజమే. కానీ పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఎలా ఎదుగుతాడన్నది ఎవరి చేతిలోనూ లేదు. అదృష్టం కలిసొచ్చిందని నియమం మంచిదైపోదు. ఎంచుకునే రోజున ఎవరికి ఎంత అవకాశం ఇచ్చారన్నదే లెక్క.

మీరు అడిగిన బ్రిస్బేన్ సంగతి కూడా ఈ తానులో ముక్కే. మార్కస్ ఆష్‌క్రాఫ్ట్ ఆ క్లబ్‌కి 318 మ్యాచ్‌లు ఆడాడు. పెద్ద కొడుకు విల్ మీద 2022లో 2వ నంబర్ దగ్గర నార్త్ మెల్‌బోర్న్, చిన్నవాడు లీవై మీద 2024లో 5వ నంబర్ దగ్గర మెల్‌బోర్న్ బిడ్ వేస్తే, ఇద్దరూ ఫాదర్-సన్ కింద బ్రిస్బేన్‌కే వెళ్ళారు. 2022లోనే ఎడ్రియన్ ఫ్లెచర్ కొడుకు జాస్పా కూడా 12వ నంబర్ దగ్గర ఇదే దారిలో వచ్చాడు. ఆ ఏడాదే ట్రేడ్ పీరియడ్‌లో బ్రిస్బేన్ బుల్‌డాగ్స్ నుంచి జాష్ డంక్లీని కూడా తెచ్చుకుంది. ఒకే ఏడాది పెద్ద పిక్‌లని చిల్లరగా మార్చుకుంటూ, ఆ మార్పిడిలోనే తయారైన ఆటగాడిని పట్టుకొచ్చి, ఆ చిల్లరతో ఇద్దరు టాప్ కుర్రాళ్ళని తీసుకున్నారు. 2024, 2025 రెండు గ్రాండ్ ఫైనల్స్‌లోనూ ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకం విల్ ఆష్‌క్రాఫ్ట్‌దే. రెండుసార్లూ కప్పు బ్రిస్బేన్‌దే. బ్రిస్బేన్ ఒక్క నియమం కూడా తప్పలేదు. తెలివిగా ఆడారు, అంతే. నియమం రాసినవాళ్ళని అడగాల్సిన ప్రశ్నని గెలిచినవాళ్ళని అడుగుతున్నారు జనం.

తండ్రి ఆడిన జెర్సీని కొడుకు వేసుకోవడం చూడటానికి బాగుంటుంది, నాకూ ఇష్టమే. పీటర్ డైకోస్ కొడుకు నిక్‌ని వేరే రంగులో ఊహించడం కాలింగ్‌వుడ్ అభిమానికే కాదు, నాకూ కష్టం. నా అభ్యంతరం హక్కు మీద కాదు, ధర మీద. హక్కు ఉంచండి, నిండు ధర కట్టించండి.

లీగ్‌కి ఈ సంగతి తెలియదని కాదు. ఊగల్-హేగన్ గొడవ తర్వాత నెక్స్ట్ జనరేషన్ పిల్లల విషయంలో గేటు మూసేశారు: 2021లో మొదటి 20 పిక్‌ల లోపు బిడ్ వస్తే మ్యాచ్ చేయడానికి లేదు, తర్వాత దాన్ని 40కి పెంచారు. ఫలితం? 2021లో మెల్‌బోర్న్ క్లబ్ తన అకాడమీలో పెంచిన మ్యాక్ ఆండ్రూని గోల్డ్ కోస్ట్ 5వ నంబర్ దగ్గర ఎగరేసుకుపోయింది, మెల్‌బోర్న్ చూస్తూ ఊరుకోవాల్సి వచ్చింది. అదే గోల్డ్ కోస్ట్ 2023లో తన సొంత అకాడమీ నుంచి జెడ్ వాల్టర్, ఈథన్ రీడ్, జేక్ రోజర్స్, విల్ గ్రాహమ్ అని నలుగురిని మొదటి రౌండ్‌లోనే తీసుకుంది. ఉత్తరాది జట్ల అకాడమీలకి ఆ గేటు లేదు మరి. ఒకే దేశంలో ఒకే డ్రాఫ్ట్‌లో ఒక అకాడమీకి ఒక నియమం, ఇంకోదానికి ఇంకోటి. 2024లో మళ్ళీ గేటు తెరిచారు.

2025 నుంచి ఇంకా ముఖ్యమైన మార్పు చేశారు. తగ్గింపు 20 నుంచి 10 శాతానికి దించారు, పట్టికని నిటారుగా చేశారు (కిందికి పోయేకొద్దీ విలువ ఇంకా వేగంగా పడేలా), 54 తర్వాత పిక్‌లకి విలువ సున్నా. బుల్‌డాగ్స్ వాడిన బాపతు చిల్లర ఇప్పుడు అంత పలకదు. జాబితాలో ఎన్ని ఖాళీలుంటే అన్ని పిక్‌లే డ్రాఫ్ట్‌కి తెచ్చుకోవాలన్న నియమం కూడా ఉంది కాబట్టి సంచులకొద్దీ చిల్లర పోగేయడం కుదరదు. ఇవన్నీ సరైన దిశలో వేసిన అడుగులే. ఆ 10 శాతం మాత్రం ఎందుకు మిగిల్చారో నాకు అర్థం కాదు. వేరే ఎవరికీ దొరకని హక్కే పెద్ద లాభం, దాని మీద మళ్ళీ డిస్కౌంట్ ఎందుకు?

ఉత్తరాది జట్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే నేను మెల్‌బోర్న్ కళ్ళద్దాలతో చూస్తున్నట్టు అవుతుంది. క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రగ్బీ నేల. గోల్డ్ కోస్ట్ 2011లో మొదలైతే మొదటిసారి ఫైనల్స్ ఆడింది 2025లో. మధ్యలో టామ్ లించ్, స్టీవెన్ మే లాంటివాళ్ళు మెల్‌బోర్న్ జట్లకి వెళ్ళిపోయారు. గ్రాండ్ ఫైనల్ ఎవరు చేరినా ఆడేది ఎంసీజీలోనే, అంటే మెల్‌బోర్న్ జట్లకి ఇంటి గడప. ఆ వైపు మొగ్గున్నప్పుడు ఈ వైపు అకాడమీ ఉండటం నాకు తప్పనిపించదు. అక్కడి పిల్లాడు అక్కడే ఉంటే వదిలి వెళ్ళాలన్న ఆలోచనా తక్కువే. మళ్ళీ అదే మాట: అకాడమీ ఉండనివ్వండి, ధర సరిచేయండి.

ఇక మీ రెండో ప్రశ్న, ఫ్యూచర్ పిక్‌లు. దీని మీద బార్బెక్యూల దగ్గర వినబడే కోపం చాలావరకు కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్ ఉదంతాల వల్ల వచ్చింది.

2018 డ్రాఫ్ట్ రాత్రి కార్ల్‌టన్‌కి లియమ్ స్టాకర్ అనే కుర్రాడు కావాలనిపించింది. అడిలైడ్ దగ్గర 19వ పిక్ ఉంది. కార్ల్‌టన్ తన 2019 మొదటి పిక్ ఇచ్చి, ఆ 19వ పిక్‌తో పాటు అడిలైడ్ 2019 మొదటి పిక్ తీసుకుంది. "వచ్చే ఏడాది మనం పైకి వస్తాం, వాళ్ళు కిందికి పడతారు, తేడా ఉండదు" అన్నది లెక్క. 2019లో కార్ల్‌టన్ 16వ స్థానం, అడిలైడ్ 11వ స్థానం. అంటే ఇచ్చిన పిక్ పుచ్చుకున్నదాని కన్నా ముందుది అయింది. స్టాకర్‌ని కొన్నేళ్ళకి కార్ల్‌టన్ వదిలేసింది, అతను సెయింట్ కిల్డాకి వెళ్ళాడు.

2020 డ్రాఫ్ట్ రాత్రి కాలింగ్‌వుడ్ వంతు. 2021 మొదటి పిక్‌ని జీడబ్ల్యూఎస్‌కి ఇచ్చి 24, 30 నంబర్ల పిక్‌లు తీసుకుంది. ఎలాగూ 2021లో నిక్ డైకోస్ వస్తాడు, మొదటి పిక్ ఉంటే అతని బిల్లులోకే పోతుంది, ఇప్పుడే వాడేసుకుందాం అని. వినడానికి సబబుగానే ఉంది. కానీ 2021లో కాలింగ్‌వుడ్ 17వ స్థానానికి పడిపోయింది, ఆ పిక్ 2వ నంబర్ అయి కూర్చుంది. జీడబ్ల్యూఎస్ దానితో ముందు బుల్‌డాగ్స్ ఫాదర్-సన్ కుర్రాడు శామ్ డార్సీ మీద బిడ్ వేసి, బుల్‌డాగ్స్ మ్యాచ్ చేశాక ఫిన్ క్యాలహాన్‌ని తీసుకుంది. డైకోస్ మీద బిడ్ ఆ తర్వాత, 4వ నంబర్ దగ్గర గోల్డ్ కోస్ట్ నుంచి వచ్చింది.

"ఎలాగూ పోయే పిక్కే కదా" అని కాలింగ్‌వుడ్ అభిమానులు ఇప్పటికీ సర్దిచెప్పుకుంటారు. నేనొప్పుకోను. ఆ పిక్ చేతిలో ఉంటే, నార్త్ మెల్‌బోర్న్ 1వ పిక్ దగ్గర డైకోస్ పేరు చదవలేదు కాబట్టి, కాలింగ్‌వుడ్ 2వ పిక్‌తో క్యాలహాన్ లాంటివాడిని తీసుకుని, తర్వాత వచ్చే డైకోస్ బిడ్‌ని కింది పిక్‌లతో మ్యాచ్ చేసేది. ఇద్దరూ దక్కేవారు. బిడ్ ఏ క్షణంలో వస్తుందన్న దాని మీదే ఈ ఆటంతా నడుస్తుంది.

సరే, నష్టపోయారు. అన్యాయమా? కార్ల్‌టన్ కళ్ళు తెరుచుకునే పందెం కాసింది, కాలింగ్‌వుడ్ కూడా అంతే. అవతలివాళ్ళు మోసం చేయలేదు, మూడో జట్టు ఒక్క మెట్టు కూడా జారలేదు. ఆ పిక్ ఎవరి చేతిలో ఉన్నా 2వ పిక్ 2వ పిక్కే. వీటిని నేను మూర్ఖత్వం ఖాతాలో వేస్తాను.

అయినా అక్కడ ఒక నిజమైన సమస్య ఉంది. కార్ల్‌టన్ ట్రేడ్ నాటి కోచ్ బ్రెండన్ బోల్టన్ 2019 సీజన్ మధ్యలోనే పదవి పోగొట్టుకున్నాడు. కాలింగ్‌వుడ్ కోచ్ నేథన్ బక్లీ 2021 మధ్యలో తప్పుకున్నాడు. పిక్ ఎంత ఖరీదైనదో తేలేసరికి రెండు చోట్లా అప్పటి కోచ్ లేడు. ఈ ఏడాది ఫలితం చూపించకపోతే కుర్చీ పోతుందన్న టెన్షన్‌లో ఉన్నవాడికి రెండేళ్ళ తర్వాతి పిక్ పరాయివాడి ఆస్తిలా కనబడుతుంది. నాలుగేళ్ళలో కనీసం రెండు మొదటి రౌండ్ పిక్‌లు డ్రాఫ్ట్‌లో వాడి తీరాలని, భవిష్యత్తు మొదటి రౌండ్ పిక్ అమ్మితే ఆ ఏడాది మిగతా పిక్‌లు అట్టేపెట్టుకోవాలని ఏఎఫ్ఎల్ నియమాలు పెట్టింది ఇందుకే. వాటిని నేను సమర్థిస్తాను. వాటివల్ల అభిమానికి రక్షణ ఉంది. పరిపాలకులు మారతారు, అభిమాని మారడు.

2025 నుంచి రెండేళ్ళ ముందు పిక్‌లు కూడా అమ్ముకోవచ్చన్నారు. మొదటి ఏడాదే సిడ్నీ, కార్ల్‌టన్ నుంచి చార్లీ కర్నోని తెచ్చుకోవడానికి 11వ పిక్, విల్ హేవర్డ్‌తో పాటు 2026, 2027 మొదటి రౌండ్ పిక్‌లు రెండూ ఇచ్చేసింది. స్వేచ్ఛ పెంచడం నాకు ఇబ్బంది కాదు. పై కాపలా నియమాలు సడలిస్తే మాత్రం అభ్యంతరం చెబుతాను.

మరి ట్రేడింగ్ పూర్తిగా ఆపితే? ముందు దెబ్బతినేది అడుగు జట్టే. 2024లో ఆఖరి స్థానంలో ఉన్న రిచ్‌మండ్‌ని చూడండి. షై బోల్టన్ ఫ్రీమాంటిల్‌కి, డానియల్ రియోలీ గోల్డ్ కోస్ట్‌కి వెళ్తామన్నారు. పిక్‌లు మార్చుకునే వీలు ఉండబట్టి ఆ ఇద్దరికి బదులుగా మొదటి రౌండ్ పిక్‌లు రాబట్టి, 1వ నంబర్ శామ్ లాలర్‌తో మొదలుపెట్టి ఒకే డ్రాఫ్ట్‌లో కొత్త తరాన్ని పోగేసుకుంది. పిక్‌ల మారకం లేకపోతే ఆటగాడికి ఆటగాడే ఇవ్వాలి, ఫ్రీమాంటిల్ నుంచి అడుగు జట్టుకి రావడానికి ఎవడు ఒప్పుకుంటాడు?

ఒప్పుకోవడం అన్నాను కదా, అది ముఖ్యం. అమెరికా లీగ్‌లలోలా ఇక్కడ ఆటగాడిని అడక్కుండా ట్రేడ్ చేయలేరు. కాంట్రాక్ట్ ఉన్నా అతని అంగీకారం కావాలి. అది ఆటగాడి హక్కు, మంచిదే. కానీ ఆచరణలో అతను "నేను ఫలానా క్లబ్‌కే పోతాను" అంటే, అమ్మే క్లబ్‌కి కొనేవాడు ఒక్కడే. 2021లో 1వ పిక్‌గా వచ్చిన జేసన్ హార్న్-ఫ్రాన్సిస్ ఒక్క సీజన్ ఆడి పోర్ట్ అడిలైడ్‌కే పోతానన్నాడు. నార్త్ మెల్‌బోర్న్ నాలుగు జట్ల మధ్య చక్రం తిప్పి, 2022 1వ పిక్ కూడా కలిపి ఇచ్చి, 2, 3 పిక్‌లు సంపాదించింది. 2వ పిక్‌తో విల్ ఆష్‌క్రాఫ్ట్ మీద బిడ్ వేస్తే బ్రిస్బేన్ మ్యాచ్ చేసింది. తర్వాత హ్యారీ షీజల్, జార్జ్ వార్డ్‌లా వచ్చారు. పిక్‌ల ట్రేడింగ్ లేకపోతే నార్త్‌కి ఆ ఊరట కూడా దక్కేది కాదు.

చిల్లర పిక్‌ల తర్వాత నాకు అసలు కోపం తెప్పించేది పరిహారం పిక్. ఫ్రీ ఏజెంట్‌గా (కాంట్రాక్ట్ ముగిశాక తన ఇష్టమొచ్చిన క్లబ్‌కి) ఆటగాడు వెళ్ళిపోతే, అతన్ని తీసుకున్న క్లబ్ ఏమీ ఇవ్వక్కర్లేదు. పోగొట్టుకున్న క్లబ్‌కి లీగే గాల్లోంచి కొత్త పిక్ పుట్టిస్తుంది. 2023లో బెన్ మెకే నార్త్ నుంచి ఎసెండన్‌కి వెళ్తే నార్త్‌కి తన 2వ పిక్ వెనకే 3వ పిక్ ఇచ్చారు. మెకే మంచి డిఫెండరే, కానీ 3వ పిక్ విలువ చేసే ఆటగాడని నార్త్ అభిమాని కూడా అనడు. ఎసెండన్ ఒక్క పిక్ కూడా ఇవ్వలేదు. జీతం మాత్రం బాగా ఇచ్చింది, ఆ జీతం పెద్దది కాబట్టే పరిహారం పెద్దదైంది. ధర కట్టింది 3వ స్థానం నుంచి 4కి జారిన హాథార్న్, దాని వెనకాల ఉన్న జట్లన్నీ. 2014లో జేమ్స్ ఫ్రాలీ వెళ్ళిపోతే మెల్‌బోర్న్‌కి కూడా ఇలాగే 3వ పిక్ వచ్చింది, కాబట్టి ఇది ఒక్కసారి జరిగిన పొరపాటు కాదు.

జీతం భారం దించుకోవడానికి పిక్ ఎదురివ్వడం ఇంకో రకం. 2022లో గోల్డ్ కోస్ట్ జాక్ బోస్ కాంట్రాక్ట్ మోయలేక, అతనితో పాటు 7వ పిక్ కూడా కలిపి, జీలాంగ్ నుంచి మరుసటి ఏడాది మూడో రౌండ్ పిక్ తీసుకుని ఇచ్చేసింది. జీలాంగ్ అప్పుడే కప్పు గెలిచిన జట్టు. చూడటానికి కడుపు మండుతుంది. అయినా గోల్డ్ కోస్ట్ ఇష్టపడే ఇచ్చింది, జీలాంగ్ జీతం మోసింది, 7వ పిక్ 7వ పిక్‌గానే ఉంది. నా కొలతలో ఇది పాస్. శాలరీ క్యాప్‌లో ఖాళీ ఉంచుకోవడం కూడా ఒక నేర్పే.

కాబట్టి నన్ను అడిగితే ట్రేడింగ్ జోలికి పోకుండా మూడు పనులు చేస్తాను. బిడ్ మ్యాచ్ చేయడానికి ఇచ్చే తగ్గింపు మొత్తం ఎత్తేస్తాను. మొదటి పది పిక్‌లలో బిడ్ వస్తే కనీసం ఒక మొదటి రౌండ్ పిక్ ఇవ్వనిదే మ్యాచ్ చేయనివ్వను, ఈ ఏడాదిది లేకపోతే వచ్చే ఏడాదిది. ఫ్రీ ఏజెంట్ పరిహారం లీగ్ ఖాతా నుంచి కాకుండా, అతన్ని తీసుకున్న క్లబ్ పిక్‌లలోంచి ఇప్పిస్తాను. మూడోదానికి ఆటగాళ్ళ సంఘం ఒప్పుకోదు, తెలుసు. పిక్ ఇచ్చుకోవాలంటే కొనేవాళ్ళు తగ్గుతారు, ఫ్రీ ఏజెన్సీకి అర్థమే పోతుందంటారు. వాళ్ళ వాదనలో బలం ఉంది. అలాంటప్పుడు కనీసం పరిహారం పిక్‌ని మొదటి రౌండ్ చివరకి నెట్టాలి, నాలుగైదు బలహీన జట్ల నెత్తిన పడకుండా.

ఈ మధ్య మీరు ట్రేడ్ వార్తలు చదివేటప్పుడు ఇంకోటి గమనించండి. 2028లో టాస్మేనియా డెవిల్స్ 19వ జట్టుగా దిగుతుంది, కొత్త జట్టుకి డ్రాఫ్ట్‌లో రాయితీలు ఉంటాయి. కాబట్టి సిడ్నీ ఇచ్చిన ఆ 2027 పిక్ లాంటివి కాగితం మీద కనబడే నంబర్ కన్నా వెనక్కి జారే అవకాశం ఎక్కువ. మీ జట్టు ఎవరి దగ్గరైనా 2027 మొదటి రౌండ్ పిక్ పుచ్చుకుందని సంబరపడే ముందు ఆ జారుడు లెక్కలో వేసుకోండి.